హస్తవాసికి పట్టా

ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా చేరాలంటే ఇవాళ భారతదేశంలో ఫిజియోథెరపీ డిగ్రీ తప్పనిసరి. నూట ముప్పై ఏళ్ల కిందట బ్రిటన్‌లో ఇదే పనికి ముందుగా చూసింది చదువు కాదు, నడవడి. ఆ తరువాత వైద్యుడి మాట జవదాటకపోవడం. చదువు చివరన వచ్చి ముందువరసలో కూర్చుంది. ఈ మూడూ ఏ వరసలో, ఏ అవసరం కొద్దీ వచ్చాయో చెప్పేదే ఈ వృత్తి అర్హతల చరిత్ర.

రోగి ఒంటి మీద చెయ్యివేసి నయం చేసే పని చాలా పాతది. దానికి పరీక్షలే కొత్త. తెలుగునాట పసిబిడ్డకు నూనె రాసి, కాళ్లూ చేతులూ సాగదీసి నలుగు పెట్టి నీళ్లు పోసే ముసలమ్మను ఎవరూ పట్టా అడగలేదు. బెణికిన చీలమండను సరిచేసే మంగలినీ అడగలేదు. ఎముక విరిగితే జనం చిత్తూరు సీమలోని పుత్తూరుకు వెళ్లి కట్టు కట్టించుకున్నారు. ఆకు పసరు, కోడిగుడ్డు సొన, వెదురు దబ్బలు వాడే ఆ విద్య తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది. వంశం ఒక అర్హత, ‘హస్తవాసి మంచిది’ అన్న పేరు రెండో అర్హత. ఒకరినొకరు ఎరిగిన ఊళ్లో ఆ పేరు చాలు. ఊరూ పేరూ తెలియని రోగికి ఊరూ పేరూ తెలియని మనిషి చికిత్స చేసే ఆసుపత్రిలో మాత్రం హస్తవాసిని ఎవరో ఒకరు పరీక్షించి కాగితం మీద రాసి ఇవ్వాలి.

ఆ పని మొదట జరిగిన దేశాల్లో స్వీడన్ ఒకటి. పెర్ హెన్రిక్ లింగ్ కత్తిసాము గురువు. 1813లో స్టాక్‌హోంలో ఆయన పెట్టిన వ్యాయామ విద్యాలయంలో సైనికులకు కసరత్తుతో పాటు రోగులకు చేయించే వ్యాయామాన్నీ నేర్పేవారు. అక్కడ చదివి బయటికి వచ్చినవారిలో సైనికాధికారులు చాలామంది. 1887లో స్వీడన్ ప్రభుత్వ ఆరోగ్య శాఖ ఈ వృత్తివారి పేర్లను అధికారికంగా నమోదు చేయడం మొదలుపెట్టింది. అక్కడ ఈ పనికి మొదటినుంచీ గౌరవం ఉంది. చేసేవాళ్లు మంచి కుటుంబాల మగవాళ్లు కావడం అందుకు కొంత కారణం.

బ్రిటన్‌లో కథ వేరు. అక్కడ మర్దన ఆడవాళ్ల పని, అందువల్ల అనుమానం ఎక్కువ. 1894లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ లండన్ మర్దనశాలల గుట్టు బయటపెట్టింది. వాటిలో కొన్ని పేరుకే మర్దనశాలలు, లోపల జరిగేది వ్యభిచారం. శిక్షణ పేరుతో యువతుల దగ్గర పెద్ద ఫీజులు గుంజి, అప్పుల్లో ముంచి ఆ రొంపిలోకి దించుతున్నారన్నది మరో ఆరోపణ. నిజాయతీగా ఈ పని చేసుకుంటున్న నర్సులకు తలెత్తుకునే దారి లేకపోయింది. లూసీ రాబిన్సన్, రోజలిండ్ పాజెట్, ఎలిజబెత్ మాన్లీ, మార్గరెట్ పామర్ అనే నలుగురు ఆ ఏడాదే శిక్షణ పొందిన మర్దనకారిణుల సంఘం పెట్టారు. నలుగురూ నర్సింగ్, పురుడుపోసే పని తెలిసినవారు.

ఆ సంఘం నియమాలను చూస్తే అర్హత అనే మాటకు అప్పటి అర్థం తెలుస్తుంది. వైద్యుడు చెప్పనిదే మర్దన చేయరాదు. మగవాళ్లకు ఒళ్లంతా మర్దన చేయరాదు. వైద్య, నర్సింగ్ పత్రికల్లో తప్ప ప్రకటనలు ఇవ్వరాదు. రోగులకు మందులు అమ్మరాదు. వీటిలో కండరాల గురించి ఒక్క ముక్క లేదు. ఇదంతా కాపాడుకోవలసిన పరువు గురించే. చదువు పక్కనే నడిచింది. మరుసటి ఏడు నుంచే సంఘం శరీర నిర్మాణం, ప్రయోగం కలిపి పరీక్షలు పెట్టి సర్టిఫికెట్లు ఇచ్చింది. కానీ వైద్యులు ఆ సర్టిఫికెట్టును నమ్మింది ముందు ఆ నియమాల వల్లే. ‘వైద్యుడు చెప్పనిదే’ అన్న షరతు సంఘానికి రక్షణ కవచమైంది. మరో ఎనభై ఏళ్లు అదే సంకెలై కూర్చుంది.

మొదటి ప్రపంచ యుద్ధం ఈ వృత్తిని ఆసుపత్రి లోపలికి లాక్కొచ్చింది. 1914లో బ్రిటన్‌లో ఆల్మెరిక్ పాజెట్ దంపతులు 50 మంది మర్దనకారిణులను సైనిక ఆసుపత్రులకు పంపారు. యుద్ధం ముగిసేనాటికి ఆ దళం సుమారు 2,000 మందికి పెరిగింది. తూటా తగిలి చచ్చుబడిన చెయ్యి, కోత కోశాక బిగుసుకుపోయిన మోకాలు, కాలు తీసేశాక కర్ర కాలితో మళ్లీ నడక: ఇవి నూనె, చేతి బలం చాలే పనులు కావు. నాడి ఎక్కడ తెగిందో, అది ఏ కండరాన్ని కదిలిస్తుందో తెలిసి ఉండాలి. విద్యుత్ చికిత్స, వేడినీటి చికిత్స పాఠాల్లో చేరాయి. 1920లో సంఘానికి రాజశాసనం దక్కింది. మగవాళ్లకు పూర్తి సభ్యత్వమూ అప్పుడే. 1940లలో మర్దన అన్న మాట పేరులోంచి పోయి అది చార్టర్డ్ సొసైటీ ఆఫ్ ఫిజియోథెరపీ అయింది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలోనే మరో రకం అభ్యర్థులు కనిపిస్తారు. యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం లండన్‌లో 1915లో మొదలైన సెయింట్ డన్‌స్టన్స్ సంస్థ వాళ్లలో కొందరికి మర్దన విద్య నేర్పించింది. వాళ్లు సంఘం పరీక్షలు గట్టెక్కి ఆసుపత్రుల్లో కుదురుకున్నారు. జపాన్‌లో ఈ పని శతాబ్దాలుగా అంధులు చేస్తున్నదే. వేళ్లతో తెలుసుకునే విద్యలో చూపు లేకపోవడం అనర్హత కాదని ఆ పరీక్షలు ఒప్పుకున్నాయి. అర్హతల చరిత్రలో తలుపులు మూసే సందర్భాలే ఎక్కువ కనిపిస్తాయి. ఇది తెరిచిన సందర్భం.

యుద్ధంతో పాటు ఈ వృత్తిని మలిచింది పోలియో. 1910లలో బోస్టన్ ఎముకల వైద్యుడు రాబర్ట్ లోవెట్, ఆయన దగ్గర పనిచేసిన విల్హెల్మీన్ రైట్ కండరాల బలాన్ని చేతితో కొలిచే పద్ధతి తయారుచేశారు. దానికి తరువాత స్థిరపడిన 0 నుంచి 5 దాకా అంకెల లెక్కను ఇవాళ ఫిజియోథెరపీ విద్యార్థి మొదటి ఏళ్లలోనే నేర్చుకుంటాడు. పిల్లవాడి తుంటి దగ్గర వేళ్లు ఆనించి ‘కాలు పక్కకు జరుపు’ అంటారు. ఏ చలనమూ తెలియకపోతే 0. కాలు కదలకపోయినా వేళ్ల కింద కండరం చిన్నగా బిగుసుకుంటే 1. వెల్లకిలా పడుకోబెట్టి మడమ కింద పౌడరు చల్లిన పలక పెట్టినప్పుడు కాలు దాని మీద జారి పక్కకు పోతే 2. ఒత్తిగిలి పడుకుని కాలి బరువును తానే పైకి ఎత్తితే 3. పైనుంచి చేత్తో కాస్త నొక్కినా నిలిస్తే 4. గట్టిగా నొక్కినా తగ్గకపోతే 5. ఇద్దరు వేర్వేరు మనుషులు ఒకే పిల్లవాడిని పరీక్షించి ఒకే అంకె రాయగలిగితే, హస్తవాసి అన్నది పుస్తకంలోకి ఎక్కినట్టే. 1కీ 2కీ తేడా పట్టలేని చెయ్యికి పరీక్షలో మార్కులు పడవు.

పట్టాలకు ఎదురు నిలిచిన మనిషి కూడా పోలియో కాలంలోనే కనిపిస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన ఎలిజబెత్ కెన్నీకి నర్సింగ్ పట్టా లేదు. ‘సిస్టర్’ అన్న మాట సైన్యంలో చేసిన సేవ వల్ల వచ్చిన హోదా. పోలియో వచ్చిన కాళ్లను చట్రాల్లో బిగించి కదలకుండా ఉంచాలని పండితులు చెబుతున్న రోజుల్లో ఆమె వేడినీటిలో ముంచి పిండిన ఉన్ని గుడ్డలు చుట్టి, కండరాలకు కదలిక మళ్లీ నేర్పింది. 1938లో క్వీన్స్‌లాండ్ రాయల్ కమిషన్ ఆమె పద్ధతిని తప్పుపట్టింది. 1940లో అమెరికా వెళ్తే మినియాపొలిస్ వైద్యులు ఆదరించారు. పోలియోకు ఆమె చెప్పిన కారణాలు చాలావరకు నిలవలేదు. కాళ్లను బిగించి కట్టే అలవాటు మాత్రం ఆమెతో పోయింది. పట్టా ఉన్న కమిషన్ తప్పుబట్టిన చికిత్సే తరువాత పట్టా చదువులో పాఠమైంది.

భారతదేశంలో ఈ చదువు రావడానికీ పోలియోనే కారణం. 1952లో బొంబాయిలో పోలియో చెలరేగింది. భారత ప్రభుత్వం, ప్రపంచ ఆరోగ్య సంస్థ, బొంబాయి నగరపాలక సంస్థ కలిసి పరేల్‌లోని కేఈఎం ఆసుపత్రిలో దేశపు మొదటి ఫిజియోథెరపీ పాఠశాలను నెలకొల్పాయి. మొదట్లో డిప్లొమా, తరువాత డిగ్రీ. వృత్తివారి సంఘం 1955లో ఏర్పడి, 1967లో ప్రపంచ సమాఖ్యలో చేరింది. దక్షిణాదిన వెల్లూరులో, కరిగిరి కుష్ఠు ఆసుపత్రిలో మరో పాయ సాగింది. అక్కడి సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠుతో వంకరపోయిన వేళ్లకు స్నాయువులు మార్చి కుట్టేవాడు. కొత్త స్నాయువుతో వేలు ముడవడం రోగికి నేర్పకపోతే ఆ కోత వృథా. అందుకోసం కరిగిరిలో ప్రత్యేకంగా సహాయకులను తయారుచేశారు. డిగ్రీకీ ఆ శిక్షణకూ సంబంధం లేదు, పని మాత్రం నిక్కచ్చి పని.

ఇంతలో ‘వైద్యుడు చెప్పనిదే’ అన్న పాత షరతు సడలింది. 1976లో ఆస్ట్రేలియా ఫిజియోథెరపిస్టుల సంఘం దాన్ని తన నియమావళి నుంచి తీసేసింది. 1977లో బ్రిటన్ ఆరోగ్య శాఖ ఒక సర్క్యులర్‌లో, ఏ చికిత్స ఎలా చేయాలో నిర్ణయించే బాధ్యత ఫిజియోథెరపిస్టుదేనని అంగీకరించింది. నిర్ణయం చేతికి వచ్చాక చదువు పెరగక తప్పలేదు. పరీక్షించి జబ్బును అంచనా కట్టేవాడికి డిప్లొమా చాలదు. అమెరికాలో ఆ మెట్టు డాక్టరేట్ దాకా ఎక్కింది. 2016 నుంచి అక్కడ గుర్తింపు పొందిన కోర్సులన్నీ డీపీటీ అనే డాక్టరేట్ కోర్సులే. ఇక్కడ బీపీటీ అనే ఫిజియోథెరపీ డిగ్రీ చదివి అమెరికా వెళ్లే తెలుగువాళ్లు తమ చదువు అక్కడి దానికి సమానమని మదింపు చేయించుకుని, ఎన్‌పీటీఈ అనే జాతీయ పరీక్ష నెగ్గి, ఉండబోయే రాష్ట్రంలో లైసెన్సు తీసుకోవాలి. ఇక్కడ ఎన్నేళ్ల అనుభవం ఉన్నా ఆ మూడు మెట్లూ తప్పవు.

తెలుగు రాష్ట్రాల్లో బీపీటీ స్థిరపడింది 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం వచ్చిన తరువాత. ఇంటర్మీడియట్‌లో బైపీసీ చదివినవారు, లేదా ఒకేషనల్ ఫిజియోథెరపీ చదివి బ్రిడ్జి కోర్సు పూర్తిచేసినవారు చేరుతూ వచ్చారు. 2025 నాటి మార్పుకు ముందు నాలుగేళ్ల చదువు, ఆరు నెలల ఇంటర్న్‌షిప్ కలిపి నాలుగున్నరేళ్లు. హైదరాబాద్ నిమ్స్, తిరుపతి స్విమ్స్ వంటి సంస్థల్లోనూ ఈ కోర్సు ఉంది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ కళాశాలలు వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం కిందికి వెళ్లాయి. ఇంటర్న్‌షిప్‌లో విద్యార్థి ఎముకల వార్డు, నరాల వార్డు, ఐసీయూ తిరుగుతాడు. బైపాస్ అయిన రోగిని ఛాతీకి దిండు అదిమి పట్టుకోమని చెప్పి, కుట్లకు దెబ్బ తగలకుండా దగ్గించి కఫం తీయించడం అక్కడే చేతికి వస్తుంది. మర్దనే తెలిసి వచ్చినవాడు ఆ మంచం దగ్గర చేయగలిగిందేమీ లేదు. పెద్ద ఆసుపత్రులు ప్రత్యేక విభాగాలకూ, కళాశాలలు బోధనకూ రెండేళ్ల పీజీ కోర్సు ఎంపీటీని అడుగుతాయి.

డిగ్రీ ఉంది, దాన్ని కాపాడే జాతీయ చట్టం మాత్రం చాలాకాలం లేదు. వైద్యులకు, నర్సులకు, ఫార్మసిస్టులకు కేంద్ర మండళ్లు ఉన్నా ఫిజియోథెరపిస్టులకు లేకపోయాయి. 1997లో ఢిల్లీ, 2002లో మహారాష్ట్ర సొంత చట్టాలు చేసుకున్నాయి. 2007లో లోక్‌సభలో పెట్టిన కేంద్ర మండళ్ల బిల్లు మురిగిపోయింది. మండలి లేని రాష్ట్రంలో నాలుగున్నరేళ్లు చదివినవాడూ, ఆరు నెలల సర్టిఫికెట్ తెచ్చుకున్నవాడూ ఒకే బోర్డు తగిలించుకున్నా ఆపే నాథుడు లేకపోయాడు. కేఈఎం పాఠశాల మొదలయ్యాక దాదాపు 70 ఏళ్లు పట్టింది ఈ లోటు తీరడానికి. దీన్ని నిర్లక్ష్యం అనక తప్పదు.

2021 మార్చిలో పార్లమెంటు అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం చేసింది. ఈ చట్టం వృత్తులను రెండు మెట్లుగా విడదీసింది. అనుబంధ వృత్తులకు కనీసం 2,000 గంటల చదువు, రెండు నుంచి నాలుగేళ్లు. ఆరోగ్య సంరక్షణ వృత్తులకు కనీసం 3,600 గంటలు, మూడు నుంచి ఆరేళ్లు. ఫిజియోథెరపీ రెండో మెట్టులో ఉంది. కనీస అర్హత డిగ్రీ అని షెడ్యూలులో స్పష్టంగా రాశారు. స్వతంత్రంగా గానీ వైద్య బృందంలో ఒకరిగా గానీ పనిచేయవచ్చని కూడా రాశారు. 1894 నాటి మొదటి షరతు భారత చట్టంలోకి రాలేదు. జాతీయ కమిషన్ దగ్గర కేంద్ర రిజిస్టరు, రాష్ట్ర మండళ్ల దగ్గర రాష్ట్ర రిజిస్టర్లు ఉండాలని చట్టం చెబుతుంది. పేరు ఎక్కించుకోకుండా పనిచేయడం నేరం.

2025 ఏప్రిల్‌లో వెలువడిన కొత్త పాఠ్యప్రణాళిక బీపీటీని అయిదేళ్లు చేసింది. ఇంటర్న్‌షిప్ పూర్తి ఏడాదికి పెరిగింది. పేరు ముందు ‘డాక్టర్’ అనీ, వెనుక ‘పీటీ’ అనీ రాసుకోవచ్చని అందులో ఉండటంతో వైద్యుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. సెప్టెంబరు 9న కేంద్ర ఆరోగ్య సేవల డైరెక్టరేట్ ‘డాక్టర్’ను తీసేయాలని లేఖ రాసింది. మరునాడే ఆ లేఖను వెనక్కి తీసుకుంది.