కాలుండ్‌బోర్గ్ గొట్టాలు, విశాఖ ఇటుకలు

ఒక ఫ్యాక్టరీ పారబోసేది మరో ఫ్యాక్టరీకి ముడిసరుకు కావడం ఈ తరం కనిపెట్టిన సంగతి కాదు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో వీధి దీపాల కోసం బొగ్గు నుంచి గ్యాసు తీసేవారు. మిగిలిపోయిన తారును ఏం చేసుకోవాలన్నది పెద్ద తలనొప్పి. 1856లో విలియం పెర్కిన్ ఆ తారు నుంచి వచ్చే అనిలిన్‌తో ప్రయోగాలు చేస్తుంటే ఊదా రంగు దొరికింది. దాని వెనకే రంగుల పరిశ్రమ ఒకటి లేచి నిలబడింది. 1897లో జర్మనీ నుంచి బజారుకెక్కిన కృత్రిమ నీలిమందూ ఆ తారు కుటుంబంలోదే. అది బీహారుతో పాటు మన కడప, నెల్లూరు ప్రాంతాల నీలి సాగునూ దెబ్బతీసింది. వ్యర్థానికి విలువ వచ్చిన ప్రతిచోటా అందరికీ మేలే జరిగిందనుకోవడం పొరపాటు.

ఆ రోజుల ఇంగ్లండులోనే సోడా ఫ్యాక్టరీలు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరిని గాలిలోకి వదిలేసేవి. చుట్టుపక్కల చెట్లూ పైర్లూ మాడిపోయేవి. 1863లో వచ్చిన ఆల్కలీ చట్టం ఆ ఆవిరిలో 95 శాతాన్ని పట్టి ఆపాలని శాసించింది. పట్టిన ఆమ్లం నుంచి బ్లీచింగ్ పౌడరు చేసి బట్టల మిల్లులకూ కాగితపు మిల్లులకూ అమ్ముకోవచ్చన్న సంగతి, చట్టం మెడమీదికి వచ్చాక గానీ చాలామందికి తట్టలేదు.

చట్టం బలవంతపెట్టకుండానే కుదిరిన కథ డెన్మార్కుది. కోపెన్‌హాగెన్‌కు పడమరగా సుమారు వంద కిలోమీటర్ల దూరంలో కాలుండ్‌బోర్గ్ అనే చిన్న రేవు పట్టణం ఉంది. దాని చిక్కు చెత్త కాదు, నీళ్లు. భూగర్భ జలం చాలనందున 1961లో అక్కడి చమురు శుద్ధి కర్మాగారానికి టిస్సో సరస్సు నుంచి గొట్టం వేశారు. 1972లో ప్లాస్టరు బోర్డులు చేసే జిప్రాక్ కంపెనీ వచ్చి, శుద్ధి కర్మాగారం ఊరికే మండించేస్తున్న గ్యాసును కొనుక్కుంది. ఆ మరుసటి ఏడు ఆస్నెస్ విద్యుత్ కేంద్రం సరస్సు గొట్టానికి కలిసింది. 1976 నుంచి నోవో మందుల కంపెనీ బురద రైతుల పొలాలకు ఎరువుగా వెళ్లసాగింది. ఇన్సులిన్ తయారీలో మిగిలిన ఈస్టు పందుల మేతకు పోయింది. 1980లలో ఆస్నెస్ వేడి ఊరి ఇళ్లకూ, ఆవిరి నోవోకూ శుద్ధి కర్మాగారానికీ చేరింది. గోరువెచ్చని సముద్రపు నీటిలో చేపలను కూడా పెంచారు.

అన్నిటికన్నా ముచ్చటైన మలుపు 1993లో వచ్చింది. ఆస్నెస్ కేంద్రపు బొగ్గు పొగలోని సల్ఫర్ డయాక్సైడును సున్నంతో కడిగితే జిప్సం మిగులుతుంది. అంతదాకా స్పెయిన్ నుంచి ఓడల్లో దిగుమతయ్యే జిప్సం, అప్పటి నుంచి పక్క గేటులోంచి జిప్రాక్‌కు రావడం మొదలైంది. పొగ శుభ్రపడింది, గని తవ్వకమూ కొంత తగ్గింది.

ఇదంతా ఎవరో ముందుగా గీసిన పటం ప్రకారం జరగలేదు. చిన్న ఊరు కాబట్టి మేనేజర్లు ఒకరికొకరు తెలుసు. ఎప్పటికప్పుడు ఇద్దరిద్దరు కూర్చుని, ఇద్దరికీ లాభమైతేనే ఒప్పందం రాసుకున్నారు. ఈ అల్లికకు పారిశ్రామిక సహజీవనమన్న పేరు 1980ల చివర్లో గానీ రాలేదు. 1989లోనే జనరల్ మోటార్స్ పరిశోధకులు ఫ్రాష్, గాలోపౌలోస్ ఒక ప్రసిద్ధ వ్యాసంలో, పరిశ్రమలు ప్రకృతిలోని జీవుల తీరున ఒకదాని మిగులు మీద ఒకటి బతకాలని వాదించారు.

అయితే ఈ అల్లికలో ఒక బలహీనత ఉంది. ఇటీవలి సంవత్సరాల్లో ఆస్నెస్ బొగ్గు వదిలి చెక్క ముక్కలకు మారింది. బొగ్గు పోతే బొగ్గు జిప్సమూ పోతుంది. ఒకరి వ్యర్థం మీద పూర్తిగా ఆధారపడితే ఆ వ్యర్థాన్ని తగ్గించడమే కష్టమవుతుంది. అందుకే వస్తువును గీసే బల్ల దగ్గరే, వాడకం అయ్యాక అది ఎటు పోతుందో ఆలోచించాలని చెప్పిన వాల్టర్ స్టాహెల్ లాంటివారి మాట నాకు మరింత బరువైనదిగా తోస్తుంది. ఆయన 1976 నుంచే యూరప్‌లో ఈ వాదన వినిపించారు.

ఇక మన దేశానికి వస్తే, అసలు సమస్య బూడిద. భారతీయ బొగ్గులో దాదాపు 30 నుంచి 40 శాతం బూడిదే. దాన్ని నీళ్లలో కలిపి బూడిద చెరువుల్లో నింపుతుంటే భూములు మునుగుతాయి, గాలి వీస్తే ఊళ్లు కప్పుకుపోతాయి. దీనికి ఒక గట్టి జవాబు విశాఖపట్నంలోనే పుట్టింది. అక్కడి ఇన్స్వారెబ్ సంస్థకు చెందిన భానుమతీదాస్, కాళిదాస్ కలిసి ఫాల్-జి అనే ఇటుక విధానాన్ని రూపొందించారు. థర్మల్ కేంద్రాల బూడిద, సున్నం, జిప్సం కలిపి అచ్చులో నొక్కి, కొన్ని వారాలు నీళ్లు చల్లుతూ తడపడమే దాని తయారీ. బట్టీ లేదు, కాల్పు లేదు, పొలం పైమన్ను తవ్వాల్సిన పని లేదు. అవసరమైన జిప్సం ఎరువుల ఫ్యాక్టరీల గుట్టల్లో ఫాస్ఫోజిప్సంగా పడి ఉంటుంది. రెండు పరిశ్రమల మిగులు ఒక బూడిద రంగు ఇటుకగా గోడ ఎక్కుతుంది.

ఇక్కడ కూడా చట్టం తోడు కావలసి వచ్చింది. 1999 సెప్టెంబరులో కేంద్రం జారీచేసిన నోటిఫికేషన్ థర్మల్ కేంద్రాలకు 50 కిలోమీటర్ల లోపు ఇటుకల బట్టీలు కనీసం 25 శాతం బూడిద కలపాలంది. తర్వాత ఆ దూరాన్ని పెంచుతూ వచ్చారు. ఆల్కలీ చట్టం అంతకు నూట ముప్పై ఆరేళ్ల ముందు నేర్పిన పాఠమే ఇది.

కాలుండ్‌బోర్గ్ మేనేజర్ల పరిచయం మన పెద్ద పారిశ్రామిక వాడల్లో దానంతటది పుట్టదు. కాబట్టి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కొత్త వాడల్లో స్థలం కేటాయించేటప్పుడే, ఏ ఫ్యాక్టరీ గేటు నుంచి ఏం బయటికి వస్తుందో, ఎంత వేడి, ఎంత నీరు, ఎంత బురదో దరఖాస్తులోనే రాయించుకుని, ఆ వివరాలను పక్క ఫ్యాక్టరీలకూ చుట్టుపక్కల ఊళ్లకూ తెలిసేలా బయటపెట్టాలి.