మెదడులో డోపమిన్ కేంద్రాలు – మనవారి కొలత మనకు అవసరం

మెదడులో సందేశాలను చేరవేసే రసాయనాలలో డోపమిన్ ఒకటి. మధ్యమెదడులో సబ్‌స్టాన్షియా నైగ్రా అనే చిన్న నల్లని భాగంలోని కణాలు దీనిని తయారుచేసి, కదలికలను అదుపుచేసే స్ట్రయేటమ్‌కు అందిస్తాయి. ఆ కణాలు క్రమంగా నశించడం వల్లనే పార్కిన్సన్ వ్యాధి, అనగా వణుకు జబ్బు, సంక్రమిస్తుంది.

1983లో కెనడా శాస్త్రజ్ఞులు ఫ్లోరోడోపా అనే స్వల్ప రేడియోధార్మిక పదార్థాన్ని రక్తంలోకి ఎక్కించి, జీవించివున్న మనిషి మెదడులో డోపమిన్ జాడను పెట్ స్కాను ద్వారా చూపగలిగారు. అయితే స్కానులో ఆ జాడ తగ్గిందని నిర్ణయించాలంటే, ఆరోగ్యవంతులలో అది ఎంత ఉంటుందో ముందుగా తెలియాలి. వయసుతోపాటు డోపమిన్ వ్యవస్థ సహజంగానే క్షీణిస్తుంది.

ప్రతి స్కానునూ ఒక ప్రామాణిక పటానికి సరిపెట్టి పరిశోధకులు పరిశీలిస్తారు. విరివిగా వాడే మాంట్రియల్ పటం 152 మంది స్కానుల సగటు. 2019లో హైదరాబాదు ట్రిపుల్ ఐటీ పరిశోధకులు 100 మంది భారతీయుల ఎమ్మారై స్కానులతో స్వదేశీ పటాన్ని రూపొందించారు. మన మెదడు పాశ్చాత్యుల, చైనా, కొరియావారి మెదడుకంటే సగటున చిన్నదని తేలింది. ఈ తేడాకూ తెలివితేటలకూ సంబంధం అంటగట్టరాదు. అది ఆకారపటమే గాని డోపమిన్ పటం కాదు. అయినా, మిల్లీమీటర్లలో కొలిచే కేంద్రాలకు పటం కాస్త జరిగినా లెక్క తప్పుతుంది.

వణుకు జబ్బును వైద్యులు ప్రధానంగా లక్షణాలను బట్టే గుర్తిస్తారు. స్కాను సందేహనివృత్తికి తోడ్పడుతుంది. ధర్మపురి నుండి బెంగుళూరు ఆసుపత్రికి వెళ్ళే వృద్ధుని స్కానును, మనవారిలో అదే వయసువారి కొలతలతో పోల్చగలిగితే ఆ నిర్ణయం మరింత నమ్మదగినదవుతుంది.