నల్గొండ నీళ్ల కథ: జబ్బు ముందా, రుజువు ముందా?

ఈ ఎపిసోడ్ మన సొంత జిల్లా గురించి. మాది చివ్వెంల. పెద్దగట్టు జాతర జరిగే దురాజ్‌పల్లి ఉన్న మండలం అంటే చాలామందికి గుర్తొస్తుంది. ఇప్పుడు మాది సూర్యాపేట జిల్లా, 2016 దాకా మాత్రం నల్గొండ జిల్లానే. బయట ఎక్కడికెళ్లి నల్గొండ అన్నా అవతలివాళ్ల నోట్లోంచి వచ్చే రెండో మాట ఫ్లోరైడ్. ఆ మాట అందరికీ తెలుసు. కానీ ఈ నీళ్లలో ఉన్నది ఫ్లోరైడే అని మొదట ఎవరు, దేన్ని చూసి చెప్పారు? ఈ కథ మన దగ్గర పెద్దగా ఎవరూ చెప్పరు.

ఒక విషయం ముందే అనుకుందాం. ఫ్లోరైడ్‌కి రంగు లేదు, వాసన లేదు, నీళ్లలో ఉండే మోతాదులో రుచి కూడా తెలియదు. మన కింద ఉన్నదంతా గ్రానైట్ రాయి. ఆ రాయిలో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు ఉంటాయి, ఏళ్ల తరబడి వాటిమీద నిలిచిన నీళ్లలోకి అది కొద్దికొద్దిగా కరుగుతుంది. బోరు ఎంత తేటగా ఉన్నా కంటితో చూసి చెప్పలేం. మరగబెడితే పోతుందా అంటే పోదు. నీళ్లు ఆవిరై తగ్గిపోతాయి, ఫ్లోరైడ్ మిగిలిపోయి ఇంకా చిక్కబడుతుంది. అందుకే ఈ విషయంలో జనం తమ కళ్లను కాకుండా ల్యాబ్‌ను నమ్మాల్సి వచ్చింది.

మొదటి రుజువు మన దేశంలో దొరకలేదు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్‌లో క్రయోలైట్ ఫ్యాక్టరీ ఒకటి ఉండేది. క్రయోలైట్ అంటే గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చే, ఫ్లోరిన్ ఉన్న ఖనిజం. అక్కడి కార్మికుల ఊపిరితిత్తుల్లో దుమ్ము జబ్బు ఉందేమో చూద్దామని మోలర్, గుడ్యోన్సన్ అనే ఇద్దరు ఎక్స్‌రేలు తీయించారు. ఊపిరితిత్తుల కోసం తీస్తే ఎముకలు కనబడ్డాయి. మామూలు కన్నా మందంగా, తెల్లగా, గట్టిపడిపోయి ఉన్నాయి. ఇది 1932లో. తర్వాత కాయ్ రోహోమ్ అనే డాక్టర్ 68 మంది కార్మికులను వరసగా పరీక్షించి, 1937లో ఫ్లోరిన్ విషం మీద పెద్ద పుస్తకమే వేశాడు.

అదే 1937లో మన తెలుగు నేల మీద ఏం జరిగిందో చూడండి. మద్రాసులో గిండీ దగ్గర కింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే షార్ట్, పండిట్, రాఘవాచారి ముగ్గురూ కలిసి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్ ఉందని పేపర్ ప్రచురించారు. మెడ తిరగదు, నడుము వంగదు, కీళ్లు బిగుసుకుపోతాయి. ఆ ఊళ్ల జనానికి ఇదేం కొత్త కాదు, జబ్బుకు పేరు మాత్రమే కొత్త. ఎద్దులు కుంటుతూ దున్నలేకపోవడం రైతులు అంతకుముందే చూశారు. డాక్టర్లు తెచ్చింది రోగుల ఎక్స్‌రేలు, బావి నీళ్ల లెక్క. ఆ రెండూ పక్కపక్కన పెడితేనే కారణం బయటపడింది.

నాకు ఇక్కడ కోపెన్‌హాగన్‌కీ నెల్లూరుకీ ఒక పెద్ద తేడా కనిపిస్తుంది. ఫ్యాక్టరీకి ఓనర్ ఉంటాడు, హాజరు పట్టీ ఉంటుంది, ఎవరు ఎన్నేళ్లు పనిచేశారో రాసి ఉంటుంది. అడగడానికి ఒక మనిషి ఉన్నాడు. బావికి ఎవరున్నారు? పుట్టినప్పటి నుంచి తాగిన నీళ్లకు రిజిస్టర్ ఎక్కడుంది?

మన నల్గొండ మాట 1955లో వచ్చింది. హైదరాబాద్ రాష్ట్రం ఇంకా ఉన్న రోజులు. సిద్దిఖీ అనే డాక్టర్ నల్గొండ జిల్లా ఫ్లోరోసిస్ మీద బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. అంటే లండన్‌లో అచ్చయ్యే పత్రికలో మన జబ్బు పేరుతో సహా ఎక్కింది. అదే ఏడాది డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఈ రెండూ తర్వాత ఎలా కలుస్తాయో చూద్దాం.

1967లో కాలువలకు నీళ్లు వదిలారు. 1973లో హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి లాన్సెట్ పత్రికలో కొత్త సంగతి రాశారు. పాత ఫ్లోరోసిస్‌లో పెద్దవాళ్లు వంగిపోతారు. ఇప్పుడు చూస్తే ఎదిగే పిల్లలకు మోకాళ్లు లోపలికి ఒరిగి, ఒకదానికొకటి తగులుతున్నాయి. ఎముక ఒకచోట గట్టిపడుతుంది, ఇంకోచోట గుల్లబారుతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎప్పటినుంచో ఉంది కదా, మరి ఈ కొత్త రూపం ఎక్కడిది?

మా సాఫ్ట్‌వేర్ వాళ్ల భాషలో చెప్పాలంటే, పాత కోడ్ అలాగే ఉంది, కొత్త బగ్ వచ్చింది. అంటే చుట్టూ ఇంకేదో మారింది. సైంటిస్టులు కంచంలోకి చూశారు. జబ్బు ఎక్కువగా జొన్నలు తినే పేద ఇళ్లల్లో కనబడింది. వాళ్ల వివరణ ఇది. రిజర్వాయర్, కాలువల ఊటతో భూమిలో నీటిమట్టం పైకొచ్చింది, నేలలో క్షారం పెరిగింది. అలాంటి నేలలో జొన్న మాలిబ్డినం అనే లోహాన్ని ఎక్కువ పీల్చుకుంటుంది. అది ఒంట్లోకి చేరితే రాగిని మూత్రంలో బయటికి పంపేస్తుంది. రాగి అంటే తినే రాగులు కాదు, రాగి చెంబులో రాగి. ఎముక గట్టిగా ఉండాలంటే అది కావాలి. ఫ్లోరైడ్‌కి ఈ లోపం తోడై కాళ్లు వంకర పోతున్నాయని వాళ్ల వాదన.

ఇది ఆఖరి తీర్పేం కాదు. తిండిలో కాల్షియం తక్కువైనా ఇలాగే అవుతుందని తర్వాతి పరిశోధనలు చూపించాయి. సాగర్ వద్దనడానికీ ఇది సాక్ష్యం కాదు. ఎడమ కాలువ లేకపోతే మిర్యాలగూడ రైస్ మిల్లులు లేవు, కోదాడ, హుజూర్‌నగర్ వరి పొలాలు లేవు. కానీ ఒకే ప్రాజెక్టు ఒక ఇంట్లో వరన్నం పెట్టి, ఇంకో ఇంట్లో జొన్నరొట్టెను అనుమానించాల్సిన పరిస్థితి తెచ్చిందంటే, ఆ లెక్క ఎవరో ఒకరు తీయాలి కదా. వాళ్లు తీశారు. నాకు ఈ కథలో అన్నిటికన్నా గొప్పగా అనిపించే పని అదే.

1975 నాటికి నాగపూర్‌లోని నీరి సంస్థ ఒక పద్ధతి తెచ్చింది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తేరనిచ్చి, వడకట్టడం. దాని పేరే నల్గొండ టెక్నిక్. టాంజానియా, ఇథియోపియాలో కూడా ఇదే పేరుతో వాడి చూశారు. చవకే. కానీ పటిక బాగా పడుతుంది, అడుగున బురద మిగులుతుంది, రోజూ కొలిచి వేసే మనిషి కావాలి. ఆ మనిషికి జీతం ఆగిందంటే ప్లాంట్ కూడా ఆగినట్టే.

అలా కారణం తెలిసి, మందు తెలిసి కూడా ఏళ్లు గడిచాయి. 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ సీటుకు 480 మంది పోటీలో నిలబడ్డారు. వాళ్లలో ఎక్కువమంది గెలవడానికి కాదు, నీళ్లు అడగడానికి నామినేషన్ వేసినవాళ్లు. బ్యాలెట్ పేపర్‌ను పుస్తకంలా అచ్చేయాల్సి వచ్చింది. మా సూర్యాపేట అప్పుడు మిర్యాలగూడ లోక్‌సభ కింద ఉండేది, అందుకే ఆ బ్యాలెట్ మావాళ్ల చేతికి రాలేదు. జర్నల్‌లో అచ్చయిన రుజువు చేయలేని పనిని ఆ కాగితం చేసింది. దేశం మొత్తం నల్గొండ వైపు చూసింది.

తర్వాత కృష్ణా నీళ్లు పైపుల్లో ఊళ్లకు రావడం మొదలైంది. 2015లో మిషన్ భగీరథ పైలాన్ చౌటుప్పల్‌లోనే పెట్టారు. ఎందుకు అక్కడో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది. నది నీళ్లు తాగి పెరిగే పిల్లల ఎముకలకు ఆ భయం లేదు. అప్పటికే వంగిన నడుములు మాత్రం తిరిగి నిటారు కావు.

మరి ఇప్పుడు మనం? నల్లా రెండు రోజులు రాకపోతే బోరు వేసుకుంటాం, బోరు నీళ్లే తియ్యగా ఉన్నాయంటాం. ఊళ్లో ఆర్వో ప్లాంట్ క్యాన్ కొంటాం, లోపల ఫిల్టర్ ఎప్పుడు మార్చారో అడగం. ఒక లీటర్ శుభ్రమైన ప్లాస్టిక్ బాటిల్‌లో మీ బోరు నీళ్లు పట్టి, ప్రభుత్వ నీటి పరీక్ష ల్యాబ్‌కు ఇవ్వండి. మీ మండలంలో ఎక్కడ ఇవ్వాలో పంచాయతీ కార్యదర్శిని అడగండి. రిపోర్ట్ వచ్చాక ఫ్లోరైడ్ అనే లైన్ వెతకండి. లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉంటే మంచిది. వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. దాటితే ఆ నీళ్లు తాగడానికీ వంటకీ వద్దు, స్నానానికీ బట్టలకీ పర్లేదు.

రిపోర్ట్‌లో అంకె ఎంత వచ్చిందో, ఏ ఊరో కామెంట్‌లో పెట్టండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.