పేరు కోసం కట్టుకున్న సంఘం

గురువారం రాత్రి ఎడిసన్‌లో ప్రీమియర్ షోకి వెళ్తే నేను పాప్‌కార్న్ వరసలో నిలబడను. టైటిల్స్ పోతాయని భయం. హీరో పేరు పడగానే ఎగిరే కాగితం ముక్కల మధ్యనుంచి మెడ సాచి ‘మాటలు’ అన్న కార్డు కోసం చూస్తాను. తెర మీద రచయిత పేరు ఉండాలని అమెరికాలో కొందరు ఏళ్లతరబడి కొట్లాడారనీ, వాళ్లలో ఒకావిడ మా న్యూజెర్సీలోనే కొన్నాళ్లు పనిచేసిందనీ తెలిశాక ఆ అలవాటు ఇంకా ముదిరింది.

మా పిస్కాటవేని ఆనుకునే ఎడిసన్ ఉంది. ఆ ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆయనే 1893లో, ఇక్కడికి ఉత్తరాన ఉన్న వెస్ట్ ఆరెంజ్‌లో, సినిమాలు తియ్యడానికి తారుకాగితం చుట్టిన షెడ్డు ఒకటి కట్టించాడు. పైకప్పు తెరుచుకునేది. ఎండ ఎటు తిరిగితే అటు షెడ్డు మొత్తాన్నీ పట్టాల మీద తిప్పేవాళ్లు. అక్కడ తీసిన నిమిషం బొమ్మలకు రచయితతో పని లేదు. పాతికేళ్లు తిరక్కుండానే హడ్సన్ ఒడ్డున ఫోర్ట్ లీలో స్టూడియోలు వరసగా లేచాయి. న్యూయార్క్ వెళ్తూ జార్జి వాషింగ్టన్ వంతెన ఎక్కే ముందు మనం దాటిపోయే ఊరే అది. అక్కడి వరల్డ్ ఫిల్మ్ కంపెనీలో, నిర్మాత విలియం బ్రేడీ దగ్గర, ఫ్రాన్సెస్ మారియన్ కథలు రాసింది. తర్వాత సినిమాతోపాటే ఆవిడా పడమటికి తరలిపోయింది. 1930ల మొదట్లో రెండు ఆస్కార్‌లు అందుకుని, హాలీవుడ్‌లో అందరికన్నా ఎక్కువ జీతం తీసుకునే రచయితల్లో ఒకరైంది.

ఆవిడ సరే. మిగతావాళ్ల బతుకు వేరు. ఒకే కథను ఒకరికి తెలియకుండా ఒకరికి ఇచ్చి రాయించేవాళ్లు. ఎవరి పేరు వెయ్యాలో స్టూడియోవాళ్ల ఇష్టం. రాసినవాడి పేరు ఎగిరిపోయి, రాయనివాడి పేరు పడ్డ సందర్భాలున్నాయి. సినిమావాళ్లకు పేరంటే వచ్చే సినిమా. పేరు పడకపోతే మళ్లీ పిలుపు ఉండదు.

1933 ఫిబ్రవరి 3న పదిమంది రచయితలు హాలీవుడ్‌లోని నికర్‌బాకర్ హోటల్లో కూర్చున్నారు. జాన్ హోవర్డ్ లాసన్, లెస్టర్ కోల్ అందులో ఉన్నారు. మర్నెల బ్యాంకులు మూతపడ్డాయి. ఎంజీఎంలో లూయీ బి. మేయర్ ఉద్యోగుల్ని పిలిచి, గొంతు గద్గదమవుతుండగా, జీతాలు సగానికి తగ్గించుకోమని బతిమాలాడు. స్టూడియోల్లో లైట్లు పట్టేవాళ్లకూ సెట్ల మీద పనిచేసేవాళ్లకూ అప్పటికే యూనియన్ ఉంది. వాళ్లు ససేమిరా అన్నారు, వాళ్ల కూలి తెగలేదు. రచయితల జీతం తెగింది. ఏప్రిల్ 6న స్క్రీన్ రైటర్స్ గిల్డ్ పుట్టింది. లాసన్ అధ్యక్షుడు, మారియన్ ఉపాధ్యక్షురాలు. సంఘంతో తనకంటూ ఏ అవసరమూ లేని మనిషి ఆవిడ. అయినా చిన్నవాళ్ల పక్కన వచ్చి కూర్చుంది. ఈ కథ మొత్తంలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇదే.

పుట్టిన రోజు నుంచీ ఆ సంఘాన్ని లోలోపల తొలిచిన ప్రశ్న ఒకటుంది: మనం కళాకారులమా, కూలివాళ్లమా? స్టూడియోలకు కావలసింది కూడా ఆ తగువే. మీరు కళాకారులు, మీకు యూనియన్ ఏమిటన్నారు. 1936లో నాటక రచయితల సంఘంతో కలిసి బలపడదామని గిల్డ్ తలపెట్టగానే సొంత ఇంట్లోనే చీలిక వచ్చింది. పెద్ద జీతాలవాళ్లు కొందరు బయటికి నడిచి స్క్రీన్ ప్లేరైట్స్ అనే పోటీ సంఘం పెట్టారు. స్టూడియోలు దాన్ని నెత్తిన పెట్టుకున్నాయి. గిల్డ్ చితికిపోయింది. మిగిలినవాళ్లు ఒకరింట్లో ఒకరు గుట్టుగా కలుసుకునేవాళ్లు. డాషియల్ హామెట్, లిలియన్ హెల్మన్, డొరొతీ పార్కర్ లాంటివాళ్లు మళ్లీ సభ్యుల్ని కూడగట్టారు. కార్మికుల హక్కుల చట్టాన్ని 1937లో సుప్రీంకోర్టు నిలబెట్టాక ప్రాణం లేచొచ్చింది. మరుసటేడు జాతీయ కార్మిక సంబంధాల బోర్డు, స్టూడియో రచయితలు ఉద్యోగులేనని తేల్చి ఓటింగ్ పెట్టింది. గిల్డ్‌కు 267, ఎదుటివాళ్లకు 57.

అదే 1938లో మనకు ‘మాలపిల్ల’ వచ్చింది. జనం మాట్లాడే తెలుగును తాపీ ధర్మారావు తెర మీద పలికించారు. అక్కడ రచయిత హక్కు నిలబడిన ఏడాదే ఇక్కడ రచయిత భాష నిలబడింది.

ఒప్పందం మాత్రం 1942 దాకా కుదరలేదు. వారానికి కనీసం 125 డాలర్లు. దానికన్నా విలువైనది ఇంకొకటి దక్కింది: ఎవరి పేరు వెయ్యాలో తేల్చే అధికారం సంఘం చేతికొచ్చింది.

ఆ తేల్చే పద్ధతి చూడండి. పేచీ వస్తే ముగ్గురు తోటి రచయితల దగ్గరికి ఆ సినిమా ప్రతులన్నీ వెళ్తాయి. రాసినవాళ్ల పేర్లుండవు, ఏ, బీ, సీ అని ఉంటుంది. తీర్పరులెవరో రాసినవాళ్లకు తెలియదు. ఎవరి సన్నివేశం తెర దాకా వచ్చిందో, ఎవరి పాత్ర నిలబడిందో పేజీ పేజీ పోల్చి ముగ్గురూ విడివిడిగా తీర్పు రాస్తారు. ఇద్దరు కలిసి రాస్తే పేర్ల మధ్య మెలిక తిరిగిన ‘&’ గుర్తు వేస్తారు. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు తిరగరాస్తే ‘యాండ్’ అని మాటగా రాస్తారు. ఆ చిన్న గుర్తులో ఎన్ని నెలల కష్టం ఉందో! 2023లో రచయితలు 148 రోజులు సమ్మె చేశాక, కృత్రిమ మేధ రాసినది రచయిత రచన కాదని కూడా ఒప్పందంలో రాయించుకున్నారు. మా ఎడిసన్ స్టేషన్లో రైలెక్కి మన్‌హట్టన్ ఆఫీసులకు వెళ్లే తెలుగువాళ్లలో కొందరైనా ఆ సమ్మె ప్లకార్డులు చూసే ఉంటారు.

ఈ పద్ధతి గురించి చదువుతుంటే మల్లాది రామకృష్ణశాస్త్రిగారు గుర్తొస్తారు. సముద్రాల రాఘవాచార్యగారి పేరు మీద వచ్చిన పాటల్లో ఆయన చెయ్యి ఉందని మద్రాసు సినిమా జనం చెప్పుకునేవాళ్లు. ఇద్దరూ స్నేహితులు, ఆ స్నేహం ముందు పేరు చిన్నదైపోయిందేమో. అయినా ఏ పాట ఎవరిదన్న వాదన ఇప్పటికీ తెగదు. ఏ, బీ అని రాసిపెట్టిన ప్రతులు మనకు లేవు.

పేరు తేల్చే ఆ అధికారాన్ని, అంత కష్టపడి సంపాదించినదాన్ని, గిల్డ్ ఒక దశలో తన చేత్తోనే జారవిడిచింది. 1947 అక్టోబరులో వాషింగ్టన్‌లో కాంగ్రెస్ కమిటీ ముందు నిలబెట్టిన రచయితల్ని కమ్యూనిస్టులా అని అడిగారు, దానికి ముందు గిల్డ్ సభ్యులా అని అడిగారు. కమిటీకి లొంగని పదిమందిలో మొదట నిలబడింది లాసనే. జైలుకెళ్లాడు. 1950ల మొదట్లో, కమిటీకి లొంగనివాళ్ల పేరు వెయ్యకపోయినా పరవాలేదని గిల్డ్ స్టూడియోలకు ఒప్పుకుంది. భయం అలాంటిది. 1951లో వచ్చిన ‘క్రై, ద బిలవెడ్ కంట్రీ’కి స్క్రీన్‌ప్లే రాసింది లాసన్. సినిమాలో అప్పుడు ఆయన పేరు పడలేదు. పేర్ల కోసం పుట్టిన సంఘానికి మొదటి అధ్యక్షుడు ఆయన.

‘రోమన్ హాలిడే’ పాత వీడియో క్యాసెట్ ఒకటి మా ఇంట్లో ఉంది. అందులో కథ ఇయాన్ మెక్‌లెల్లన్ హంటర్‌దని పడుతుంది. కమిటీకి లొంగక బ్లాక్‌లిస్టులో పడ్డ డాల్టన్ ట్రంబోకి ఆయన తన పేరు అరువిచ్చాడు. ఆ కథకు ఆస్కార్ హంటర్ పేరునే వచ్చింది. 1993లో ఆ బహుమతిని ట్రంబో భార్య చేతికిచ్చారు, అప్పటికి ఆయన పోయి పదిహేడేళ్లు. 2011 డిసెంబరులో గిల్డ్ స్క్రీన్‌ప్లే కింద కూడా ఆయన పేరు చేర్చింది. దానికోసం వెంటపడినవాళ్లలో ట్రంబో కొడుకుతోపాటు హంటర్ కొడుకూ ఉన్నాడు.