పటం మీద ఇంటిదారి

1916 వేసవి. కొత్తగా ఫ్రాన్స్ యుద్ధరంగానికి చేరిన ఒక ఇంగ్లీషు సిపాయి, కందకంలో ఒక చిన్న గుడిసెలోకి పాక్కుంటూ దూరాడు. లోపల వేల్స్ కుర్రాళ్లు. ఆ రాత్రంతా కబుర్లే, మధ్యమధ్య వాళ్ల ఊరి పాటలు. కందకంలో తొలి రాత్రి గురించి లండన్‌లోని స్నేహితురాలికి అతను రాసింది ఈ పాటల ముచ్చటే.

అతని పేరు ఐవర్ గర్నీ. గ్లాస్టర్‌లో దర్జీ కొడుకు. రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో స్వరరచన నేర్చుకుంటూ 1914లో పటాలంలో చేరబోతే చూపు ఆనదని వెనక్కి పంపారు. మరుసటి ఏటికి మనుషులు కావలసివచ్చి, ఆ కళ్లే సరిపోయాయి!

ఆ స్నేహితురాలు మారియన్ స్కాట్ వయొలిన్ కళాకారిణి, సంగీత విమర్శకురాలు. యుద్ధరంగంలో, మోర్టారు ఫిరంగి పెట్టే పాడుబడ్డ గుంటలో కూర్చునే అతను ఒక పాటకు బాణీ కట్టాడు. ఉత్తరాల్లో కవితలు పెట్టి పంపేవాడు. ఆమె వాటిని టైపు చేసి, 1917లో ‘సెవెర్న్ అండ్ సోమ్’ పేరిట పుస్తకంగా తెచ్చింది. సెవెర్న్ ఇంటి దగ్గరి నది, సోమ్ యుద్ధం జరిగిన నది.

అదే ఏడు ఏప్రిల్‌లో గర్నీ చేతికి తూటా తగిలింది. సెప్టెంబర్‌లో విషవాయువు. 1918 ఉత్తరాల్లో స్వరం మారిపోయింది. బేతోవెన్ ఆత్మ తనతో మాట్లాడిందని ఒకదానిలో, చచ్చిపోతానని ఇంకోదానిలో. యుద్ధమే పిచ్చివాణ్ణి చేసిందని చాలామంది తేల్చేస్తారు. నాకంత నమ్మకం లేదు. 1913లోనే ఒకసారి మనసు చెదిరి ఇల్లు చేరినవాడతను.

1922లో మానసిక చికిత్సాలయంలో పెట్టారు. మొదట గ్లాస్టర్‌లో, తర్వాత దూరాన డార్ట్‌ఫర్డ్‌లో. అక్కడా ఉత్తరాలు ఆగలేదు. నన్ను విడిపించండని పోలీసులకు సైతం రాసుకున్నాడు. మారియన్ వస్తూ పోతూ, అతని కాగితాలు దాచింది. ఆవరణలో తోట ఉన్నా అతను బయటికి వెళ్లేవాడు కాదు. అది తన గ్లాస్టర్‌షైర్ కాదు కదా.

1932లో హెలెన్ థామస్ చూడటానికి వచ్చింది. గర్నీకి ఎంతో ఇష్టమైన కవి, 1917లో ఆరాస్ దగ్గర చనిపోయిన ఎడ్వర్డ్ థామస్ భార్య ఆమె. మరోసారి వచ్చినప్పుడు భర్త వాడి నలిగిపోయిన గ్లాస్టర్‌షైర్ పటాలు వెంట తెచ్చింది. మంచం మీద పరిచి, ఇద్దరూ వేలితో సందులూ కాలిబాటలూ వెతుక్కుంటూ తిరిగారు. ఏ మలుపు ఎటు పోతుందో అతనికి ఇంకా గుర్తుంది.

1937 డిసెంబర్ 26న క్షయతో కన్నుమూశాడు. గ్లాస్టర్ పక్కనున్న ట్విగ్‌వర్త్‌లో పాతిపెట్టారు.