మేకపాలలో ఫోలేట్ కొరత: మేతతో పాటు పొదుగునూ చూడాలి

పులికాట్ ఒడ్డున ఉన్న తడ ప్రాంతంలో మేక ప్రధానంగా ఆకు మీద బతికే జీవి. గట్ల మీది తుమ్మ, సుబాబుల్ రొట్ట, అవిశ ఆకు, ఏది దొరికితే అది మేస్తుంది. ఇంత పచ్చాకు తినే జంతువు పాలలో ఫోలేట్ అనే బి విటమిన్ సమృద్ధిగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. వాస్తవం అందుకు విరుద్ధం. ఆవుపాలలో 100 గ్రాములకు సుమారు 5 మైక్రోగ్రాముల ఫోలేట్ ఉంటే, మేకపాలలో ఒక్క మైక్రోగ్రామే. ఆరు నెలల లోపు శిశువుకు రోజుకు 65 మైక్రోగ్రాములు కావాలి. లీటరు మేకపాలు పట్టినా అందేది సుమారు పదే, కాచితే అదీ తగ్గుతుంది. కేవలం మేకపాల మీద పెరిగిన పసివాళ్లలో పెద్ద ఎర్రకణాల రక్తహీనత కనిపించడం గత శతాబ్దం తొలి దశాబ్దాలలోనే యూరప్ వైద్యుల దృష్టికి వచ్చింది. తేలిగ్గా అరుగుతాయని మేకపాలు పట్టే అలవాటు మన పల్లెల్లోనూ ఉంది కాబట్టి ఈ లెక్క మనదీ.

దీన్ని మేత లోపంగా భావించి దాణా మార్చమని చెప్పడం సులువు. కానీ నెమరువేసే జంతువు పొట్టలోని సూక్ష్మజీవులే ఫోలేట్ తయారుచేస్తాయి. మేకకు ఆ కొరత సాధారణంగా రాదు. ఆవులకు దాణాలో కలిపిన ఫోలిక్ యాసిడ్ చాలావరకు ఆ సూక్ష్మజీవుల పాలవుతుంది, సూదిమందుగా ఇస్తే మాత్రం పాలలో కొంత పెరుగుతుంది. పైగా మేక జున్నుపాలలో ఫోలేట్ బాగానే ఉండి తర్వాత పడిపోతుంది. కాబట్టి అడ్డంకి మేతలో కంటే పొదుగులో వెతకడం సమంజసం. అక్కడ ఫోలేట్‌ను పట్టి ఉంచే ప్రొటీన్ ఒకటుంది. మేకపాలలో అది ఉన్న ఫోలేట్‌కు మించే ఉంటుంది.

సరిగ్గా ఇక్కడే కేన్సర్ పరిశోధన పాడి పరిశోధనకు దగ్గరవుతుంది. మిలాన్ శాస్త్రవేత్తలు అండాశయ కేన్సర్ కణాలను గుర్తించేందుకు తయారుచేసిన ఎంఓవీ18 యాంటీబాడీ దేన్ని పట్టుకుంటోందో 1991లో తేలింది. ఆ కణితి యాంటిజెన్ ఫోలేట్‌ను పట్టే ప్రొటీనే. పాలలోని ప్రొటీన్‌దీ అదే కుటుంబం. కణితి కణాల మీద ఫోలేట్ గ్రాహకంగా ఉండే ఈ ప్రొటీన్‌ను గురిచేసుకున్న మిర్వెటుక్సిమాబ్ అనే మందుకు 2022 నవంబరులో అమెరికా అనుమతి లభించింది. అయితే మేకపాలు తాగితే కేన్సర్ తగ్గుతుందా అంటే, లేదు. పాలలోని ప్రొటీన్ కరిగి తేలుతుంటుంది, కణితిది కణపు పొరకు అతుక్కుని ఉంటుంది. బంధుత్వం ఉన్నంత మాత్రాన ఆహారం మందైపోదు. ఆ మాట గట్టిగా చెప్పవలసిన బాధ్యత పరిశోధకులదే.

ఫోలేట్ అందిస్తే అది కణితిని పెంచదా అన్నది మరింత బరువైన అభ్యంతరం. ఇది ఊహ కాదు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లే ప్రయోగశాలలో నడిపిన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను సంశ్లేషించింది. ఫోలేట్ సమ్మేళనాలు ఇస్తే ల్యుకేమియా వేగం పుంజుకుంటోందని అమెరికా వైద్యుడు సిడ్నీ ఫార్బర్‌కు తోచింది. అందుకే ఫోలేట్‌కు విరోధిగా సుబ్బారావు బృందం నుంచి వచ్చిన అమినోప్టెరిన్‌ను వాడి చూశాడు. 1948లో ఆయన ప్రకటించిన ప్రకారం 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికంగా మెరుగైంది. విభజన చెందే ప్రతి కణానికీ ఫోలేట్ అవసరం. అందుకే కణితి గలవారి మందూ, రక్తం తక్కువైన పసిబిడ్డ ఆహారమూ వేర్వేరు లెక్కలు. మొదటివారి విషయం చికిత్స చేసే వైద్యుడు నిర్ణయించాలి. రెండోవారికి ఫోలేట్ అందకపోవడమే హాని. మేకపాలు పట్టకతప్పనప్పుడు ఫోలేట్ చుక్కలను వైద్యుడి సలహాతో ఇవ్వాలి. ఘనాహారం మొదలయ్యాక తోటకూర, పెసరపప్పు పెట్టాలి.

మాంసపు మేకలున్న తీరంలో ఈ పరిశోధన ఎందుకనవచ్చు. కొద్ది పాలైనా అవి వెళ్లేది బలహీనుల నోటికే. తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం తడకు దూరం కాదు. ఈనిన నాటి నుంచి పాలు వట్టిపోయే దాకా ఒకే మేకల పాలలో ఫోలేట్‌నూ, దాన్ని పట్టే ప్రొటీన్‌నూ కలిపి కొలవాలి. మేత మార్చినప్పుడు రెండింటిలో ఏది కదులుతుందో చూడాలి.