ఉప్పు పన్ను – లోకహితము

ఖరగ్‌పూరు రైలు పట్టణమున ‘ట్రాఫిక్’ అను పేట కలదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబములు ఈ పట్టణమున తరతరములుగా నివసించుచున్నవి. వారిలో పెక్కురు ఉత్తరాంధ్రమునుండి వచ్చినవారు. ఆ తీరమున నౌపడా ఉప్పుకొఠారులు కలవు. వారు చేరిన మేదినీపూర్ సీమ తీరమున ఒకనాటి హిజిలీ ఉప్పు నేలలు కలవు. ఈ రెండు తీరముల కథయు ఒక్క పన్నుతో ముడివడినది.

1772లో వారన్ హేస్టింగ్సు బెంగాలు ఉప్పును కంపెనీ గుత్తాధికారము క్రిందికి తెచ్చెను. 1805లో మద్రాసు రాజధానియందును అట్లే జరిగెను. హిజిలీలో ఉప్పునీటిని మరగించి జీవించు మలంగీలు ఇంగ్లండునుండి ఓడలపై వచ్చిన ఉప్పు ధాటికి నిలువలేకపోయిరి. 1863లో అచటి ప్రభుత్వ తయారీ ముగిసెను. ఉప్పు ఎచటిదైనను పన్ను తప్పలేదు. 1882లో మణుగుకు, అనగా సుమారు 37 కిలోలకు, 2 రూపాయలుగా నిర్ణయింపబడిన పన్ను 1888లో రెండున్నర ఆయెను.

ఖజానా దృష్టిలో ఇది ఆదర్శమైన పన్ను. ధర పెరిగినను ఉప్పు మానువారు లేరు గనుక రాబడి తరుగదు. ఇట్టి తర్కమునకు గణితరూపమిచ్చినవాడు కేంబ్రిడ్జి పండితుడు ఫ్రాంక్ రామ్సే. ధర మారినను వాడుక అంతగా తగ్గని వస్తువులపై పన్ను హెచ్చుగా వేసినచో, కావలసిన రాబడిని సమాజమునకు స్వల్పనష్టముతో పొందవచ్చునని 1927లో ఆయన నిరూపించెను. కాని ఆ నిరూపణము ధనిక దరిద్ర భేదమును లెక్కకు గొనలేదు.

ఇచట ఆ భేదమే కీలకము. ఏటికొక మణుగు ఉప్పు వాడు ఇండ్లు రెండు కలవనుకొందము. నెలకు 5 రూపాయల రాబడి గల ఇంటికి రెండున్నర రూపాయల పన్ను పదునైదు దినముల కష్టఫలము. 500 రూపాయలు గల ఇంటికి ఒక పూట సంపాదనయైనను కాదు. అంతేకాక, పేదవాడు ఉప్పు మానలేకున్నను తగ్గించుకొనును. ఖజానాలో మిగులుండగా ఈ పన్ను తగ్గింపవలెనని 1902లో గోపాలకృష్ణ గోఖలే వైస్రాయి శాసనమండలిలో వాదించెను. 1903 మొదలు 1907 వరకు పన్ను అంచెలంచెలుగా 1 రూపాయికి దిగెను, వాడుక పెరిగెను. అనగా అంతకుముందు పేద ఇంటి కుండలో ఉప్పు తక్కువ పడుచుండెనన్నమాట.

ఈ పాఠము ఎంతోకాలము నిలువలేదు. 1923లో బడ్జెటు లోటు పూడ్చుటకై, శాసనసభ నిరాకరించినను, వైస్రాయి రీడింగు ప్రభువు ప్రత్యేకాధికారముతో పన్నును రెట్టింపు చేసెను. మరుసటి ఏడే తగ్గింపవలసి వచ్చెను. 1930లో గాంధీజీ దండియాత్ర అనంతరము మేదినీపూర్ జిల్లా కాంథీ తీరమునను, నౌపడాలోను ప్రజలు ఉప్పు చట్టమును ధిక్కరించిరి.

1947 ఏప్రిల్‌లో ఉప్పు పన్ను రద్దయ్యెను. 1971లో పీటర్ డైమండ్, జేమ్స్ మిర్లీస్ అను ఆర్థికవేత్తలు రామ్సే వాదమును విస్తరించి, పేదల ఆదాయమున అధికభాగమును హరించు వస్తువులపై పన్ను తగ్గవలసిన హేతువును చూపిరి. 2017లో వచ్చిన వస్తుసేవల పన్నులోను ఉప్పుకు పన్ను లేదు. శాస్త్రము గణితముతో చేరిన ఈ నిర్ణయమునకు ఆ రెండు తీరముల ప్రజలు నలుబది ఏండ్ల ముందే తమ అనుభవముతో చేరియుండిరి. పన్ను మంచిచెడ్డలను తేల్చునప్పుడు ఎంత వచ్చినదన్న ప్రశ్నతోపాటు ఎవరి కుండనుండి వచ్చినదన్న ప్రశ్నయు వేయవలసియున్నది.